కార్ఖానా ఇంట్లో పియానో

మొన్న మా అమ్మాయికి వాయిద్యం కొందామని నేనూ అక్కా పిల్లను తీసుకుని రాంగోపాల్‌పేట్‌లో ఒక దుకాణానికి వెళ్లాము. "మేడం, గిది కీబోర్డు. మీటలు అల్కగుంటయ్, డ్రమ్ములు సుత గిండ్లనే వస్తయ్. గది డిజిటల్ పియానో, మీటలు అసలు పియానో లెక్కనే బరువుంటయ్. జెర ఒత్తి చూడుండ్రి" అన్నాడు దుకాణంలో అతను. ఒత్తాను. వేలి కింద ఆ బరువు తగలగానే చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది.

మా నాన్న చర్చిలో పియానో వాయించేవారు. గుంటూరు నుంచి ఉద్యోగానికి వచ్చి కార్ఖానా అనే బస్తీలో పెంకుటిల్లు అద్దెకు తీసుకున్న కొత్తలో, కంటోన్మెంటు బంగళా ఖాళీ చేస్తున్న వాళ్ల దగ్గర పాత పియానో ఒకటి కొని ముందు గదిలో పెట్టారు. డిసెంబరు చలిలో, కాగితపు నక్షత్రం వసారాలో ఊగుతుంటే, వంటింట్లోంచి గులాబీ పువ్వుల పిండివంట వేగే వాసనా, వీధిలో ఏడుపెంకులాట కేకలూ వస్తుంటే, అక్కా నేనూ వంతులవారీగా ఆ పియానో ముందు కూర్చునేవాళ్లం. స్వరం తప్పితే కర్ర స్కేలు కణుపుల మీద పడేది. ఏడిస్తే బెల్టు. అడ్డొస్తే అమ్మకి. ఆదివారం చర్చిలో అమ్మ ముసుగు చెంప మీదికి లాక్కుని కూర్చుంటే, నాన్న వాయించే పాటకి అందరూ కళ్లు మూసుకుని తలలూపేవారు.

ఒక యేడు సైనిక్‌పురి పిన్ని తన పాత కీబోర్డు అక్కకిచ్చింది. పండగ ముందు ఓ మధ్యాహ్నం, అమ్మ పెరట్లో అరిసెల కోసం పిండి దంచుతుంటే, అక్క దాని మీద డ్రమ్ముల దరువు పెట్టి క్రిస్మస్ పాట వాయిస్తోంది, నేను గంతులేస్తున్నాను. నాన్న తొందరగా ఇంటికొచ్చారు. కీబోర్డును వైరు పట్టి లాగి, వసారా స్తంభానికేసి బాదారు, మీటలు పళ్లు రాలినట్టు రాలేదాకా. తర్వాత అక్కను జుట్టు పట్టి పియానో ముందు కూర్చోబెట్టారు.

"ఇప్పుడు వాయించు."

అక్క చేతులు మీటల మీద పెట్టి, "వాయించను" అంది.

నాన్న పియానో మూతను రెండు చేతులతో దించి కొట్టారు.

అక్క కేకకి అమ్మ చేతిలో రోకలితోనే పరుగెత్తుకొచ్చింది. అక్క వేళ్లు చూసింది. అక్కను పక్కకు లాగి, రోకలెత్తి పియానో మీద వేసింది. చెక్క చీలింది, లోపలి తీగలు గుండె అదిరేలా మోగాయి. నాన్న వెనకనుంచి మెడ పట్టుకుంటే, గిర్రున తిరిగి ఆయన భుజం మీద కొట్టింది. ఆయన గోడకి జారి కూలబడ్డారు.

"మళ్లీ పిల్లల మీద చెయ్యి లేచిందా, ఈసారి నెత్తిన పడుద్ది" అంది అమ్మ, రొప్పుతూ. పిండి చేతులతోనే అక్కను ఆటోలో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లింది.

అక్క చిటికెనవేలు మళ్లీ తిన్నగా రాలేదు. నాన్న మళ్లీ చెయ్యెత్తలేదు. పియానో ముక్కల్ని పాతసామాన్లవాడు బండిమీద వేసుకుపోయాడు. ఆ సంగతి మా ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు.

దుకాణంలో నేను కీబోర్డు చాలన్నాను. పిల్ల, "మమ్మీ, నాకు ఆ పెద్దదే కావాలి" అని పియానోని వదల్లేదు. అక్క నన్ను పక్కకు తీసుకెళ్లింది.

"దానికి భయపడతావేందే? మనల్ని కొట్టింది అది కాదు, నాన్న. పిల్ల అడుగుతుంది, కొను."

కొన్నాను.

కార్ఖానా ఇల్లు ఇప్పుడు లేదు, ఆ చోట అపార్ట్‌మెంటు లేచింది. కాలినడకన ఇంటింటికీ వచ్చి పాడే క్రిస్మస్ బృందాలు ఇప్పుడు స్పీకర్లు కట్టిన బండిలో వచ్చి, రెండు పాటలు పాడి వెళ్లిపోతున్నాయి. నాన్న పోయారు, ఆయన వెనకే అమ్మా పోయింది. సాయంత్రాలు మా అమ్మాయి తప్పులు వాయించి, తనే నవ్వుకుని, మళ్లీ మొదలుపెడుతుంది. అమ్మ ఉంటే పక్కన కూర్చుని వినేదో, లేచి బయటికి వెళ్లిపోయేదో నాకు తెలియదు. బతికుండగా ఆ రోజు గురించి ఆమెను ఒక్కసారీ అడగలేదు.