లాగి చూసే మనిషి

ఆఫీసులో ఆమెను అందరూ అనుమానం అక్క అంటారు. సొరుగుకి తాళం వేశాక ఒకసారి లాగి చూస్తుంది. రెండడుగులు వేసి, వెనక్కొచ్చి మళ్లీ లాగుతుంది. పాప పుట్టాక ఈ అలవాటు మరీ ముదిరింది. జనం ఫోటోలూ కాగితాలూ దాచుకునే సాఫ్ట్‌వేర్‌ని విడుదలకు ముందు పరీక్షించడం ఆమె పని. ఆలోచిస్తున్నంతసేపూ మెడలోని ఐడీ కార్డు అంచు కొరుకుతూ ఉంటుంది.

ఒకరోజు, సాయంత్రం విడుదల అనగా, "ఆపాలి" అంది. టీమ్ లీడర్ కుర్రాడు నవ్వాడు. "పాస్‌వర్డ్ లేకుండా చీమ కూడా దూరదక్కా!" "లోపలికొచ్చింది ఎవరో మన సాఫ్ట్‌వేర్ అడుగుతోంది నాయనా. వచ్చినవాడు ఎవరి సొత్తు ముట్టుకుంటున్నాడో అడగట్లేదు." "అయితే నా ఫోల్డర్ తెరువు, చూద్దాం." ఆమె పరీక్ష కోసం పెట్టుకున్న మామూలు ఖాతాతో లోపలికెళ్లి, పైన అడ్రసులో తన ఫోల్డర్ నంబరు చెరిపి అతనిది కొట్టింది. తెర మీద బూడిదరంగు స్కాన్ బొమ్మ, మధ్యలో చిక్కుడుగింజంత బిడ్డ. ఆఫీసులో అతను ఇంకా ఎవరికీ చెప్పని కబురు. ఆమె గబుక్కున తెరను గోడవైపు తిప్పేసింది. "వేరే కాపీ ఉందా?" "లేదు." "దీన్ని చెరిపేసినా నన్ను అడిగే దిక్కు లేదు," అంటూ మౌస్‌ని డిలీట్ బటన్ మీదికి జరిపింది. "ముందు వేలు తియ్యక్కా!"

విడుదల ఆగింది. ఇంటికెళ్లేటప్పుడు అతను తన సొరుగుకి తాళం వేసి, గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి లాగి చూశాడు. ఆమె నవ్వలేదు. తనూ వచ్చి దాన్ని ఒకసారి లాగింది.