బియ్యంలో రాసిన ఐరిష్ పేరు

ఏడన్ అంటే చిన్న నిప్పు. ఐర్లండ్ వాళ్ళ పాత భాషలో నిప్పుకున్న మాటకి ముద్దుగా ఒక తోక తగిలిస్తే వచ్చిన పేరు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, చదివి తెలుసుకున్నాను. అమెరికాలో, ట్రాయ్ అనే ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్ నుంచి నడిచి వెళ్ళగలిగిన చోటు లైబ్రరీ ఒక్కటే. డిపెండెంట్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయకూడదు, అప్పటికి డ్రైవింగ్ రాదు. కడుపుతో ఉన్నన్నాళ్ళూ అక్కడే కూర్చున్నాను.

ఒకప్పుడు అమెరికాలో ప్రతి క్లాసులో ఒక ఏడన్ ఉండేవాడట. ఇప్పుడు మోజు తగ్గింది. మోజు తగ్గాక కూడా బాగున్న పేరే నాకు కావాలి.

నా పేరులో నాలుగక్షరాలు. ఇక్కడ క్లినిక్‌లో రెండింటితో సరిపెడతారు. చూసి చూసి మావాళ్ళూ అదే నేర్చుకున్నారు. నా కొడుక్కి ఇంట్లోనూ బయటా ఒకటే పేరు ఉండాలనీ, దాన్ని ఎవరూ కోయకూడదనీ అనుకున్నాను.

హాస్పిటల్‌లో బర్త్ సర్టిఫికెట్ ఫారం ఇచ్చినప్పుడు మా ఆయన, "పేరు ఇరవై ఒకటో రోజున కదా" అని ఆ గడి ఖాళీగా వదిలేసి ఫారం ఇంటికి తెచ్చాడు. ఆ గడి కోసం మూడు వారాలు పోరాడాను.

మా ఆయన అక్క మాకు రెండు బ్లాకుల అవతల ఉంటుంది. మేనత్తను కాబట్టి పేరు పెట్టే హక్కు తనదంది.

"ఏడనా? పేరులోనే ఏడుపు. అయినా దొరల పేరెందుకు, వాళ్ళకి నోరు తిరగాలనా?"

"వాళ్ళ నోటి కోసం కాదు వదినా. నాకు నచ్చింది."

"ఏకాంశ్ పెట్టు. సైట్‌లో చూశా, సంపూర్ణుడు అని అర్థం."

"అంశమంటే ముక్క వదినా. ఏకాంశమంటే ఒక ముక్క."

మా ఆయనకి పొలమారింది. లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాడు.

బారసాల రోజు హాల్లో పళ్ళెంలో బియ్యం పోశాం. పంతులుగారు పంచాంగం చూసి, "కృత్తిక నాలుగో పాదం. ఏ అక్షరం. అధిదేవత అగ్నిహోత్రుడు" అన్నారు. నేను ఆగలేదు. చిన్న నిప్పు సంగతి చెప్పాను. ఆ ఐరిష్ మాటా, మన సంస్కృతంలో కట్టెపుల్లకున్న ఏధస్సు అనే మాటా ఒకే వేరు నుంచి పుట్టాయని లైబ్రరీలో నిఘంటువు చివర పట్టికలో చూసిన సంగతీ చెప్పాను.

"ఏధస్సు, అవును, సమిధ" అన్నారాయన, గడ్డం గోక్కుంటూ.

"ఇంత చదివి పుల్ల ఏరుకొచ్చావా?" అంది వదిన. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఆ చుట్టరికం లేకపోయినా నేను ఆ పేరే పెట్టేదాన్ని. అదీ పైకే అన్నాను.

అప్పుడు వదిన కాస్త దిగొచ్చింది. "సరే, బియ్యంలో మన పేరు రాద్దాం. ఫారంలో నీకు నచ్చింది రాసుకో. అందరూ చేసేదే కదా."

అందరూ చేసేదే. మా అపార్ట్‌మెంట్స్‌లో ప్రతి పిల్లాడికీ పళ్ళెంలో ఒక పేరు, స్కూల్లో ఒక పేరు. "రెండు వద్దు. ఇందులో రాసిందే అందులోనూ" అన్నాను.

మా ఆయన ఉంగరంతో 'ఏ' రాసి, అక్కవైపు చూస్తూ ఆగిపోయాడు. రెండు పేర్లకీ మొదలు అదే మరి. నేను పిల్లాణ్ణి భుజానికి ఎత్తుకుని, ఆయన వేళ్ళలోంచి ఉంగరం తీసుకుని మిగతా రెండక్షరాలూ రాసేశాను. పంతులుగారు గొంతు సవరించుకుని, "మేనత్తగారు చెవిలో మూడుసార్లు చెప్పాలి" అన్నారు.

వదిన వంగింది. వాడు నా భుజం మీదే ఉన్నాడు కదా, ఆవిడ గొణిగింది నాకూ వినపడింది. ఏకాంశ్.

"పళ్ళెంలో ఉన్నది చెప్పండి వదినా."

"చెప్పకపోతే?"

"చెప్పేదాకా ఇలాగే నించుంటాను. భోజనాలు చల్లారతాయి."

ఆవిడ మళ్ళీ వాడి చెవి దగ్గరకి వంగింది. పళ్ళెంలో ఉన్నదే చెప్పింది, మూడుసార్లు. మూడోసారి హాలంతా వినపడేలా చెప్పి, వాడి చెవి తుడిచింది.

"వినపడిందా లైబ్రరీ మేడమ్?"

"వినపడింది వదినా."

భోజనాలయ్యాక ఫారం తెచ్చి, పసుపంటిన చేత్తోనే ఆ గడి నింపాను.