నూనె షావుకారు నడిపిన మూడు చక్రాల బండి

మోటారు సైకిళ్ల గురించి మాట్లాడుకునే ముసలాళ్లంత అబద్ధాలకోర్లు భూమ్మీద మరొకరు లేరు. వాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి ఇంత ధైర్యంగా రాస్తున్నాను.

బరంపురంలో మా రిపేరు షాపు ముందు ఒక బల్ల ఉంది. సాయంత్రం నాలుగయ్యేసరికి ఈ ముసలాళ్లంతా దాని మీద చేరతారు. ఒకడు తన పాత ఇంగ్లీషు బండి ఒక్క సీసా పెట్రోలుతో దిగపహండి వెళ్లి తిరిగొచ్చిందంటాడు. ఇంకొకడు పురుషోత్తంపూర్ దగ్గర ఏటి ఇసుకలో దిగబడిన బస్సుకు తాడు కట్టి తన బండితో బయటికి లాగానంటాడు. ఇప్పుడొచ్చేవి బండ్లే కావట, దోమల్లా కుయ్యిమంటాయట. ఆ మాట అంటున్న పెద్దమనిషి ఇంటికి వెళ్లేది తన మనవడి దోమ వెనక కూర్చునే. నేను మెల్లిగా, "ఆ బస్సు డ్రైవరు మా బావమరిదేనండి" అంటాను. బస్సు లాగినాయన చుట్ట వెలిగించుకుంటాడు.

నేను ఐదో తరగతిలో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా పంతులు అనేవాడు. అదీ నిజమే కావచ్చు. సైకిలు షాపులో చేరి, సైకిళ్ల నుంచి మోటారు సైకిళ్లకు ఎక్కాను. ఇప్పుడు రాయబోయేది నా మొదటి బండి సంగతి. అప్పుడు ఒరిస్సా రాష్ట్రం కొత్తగా ఏర్పడింది. నిన్నటిదాకా మద్రాసు వాళ్లం, తెల్లారేసరికి కటకం వాళ్లమయ్యాం. కాగితాలన్నీ ఒడియాలోకి మారాయి. ఒడియా మాట్లాడమంటే గంజాం జిల్లాలో ఏ తెలుగువాడైనా గడగడా మాట్లాడతాడు. చదవమంటేనే అందరికీ కళ్లజోడు ఇంట్లో మరిచిపోయిన సంగతి గుర్తొచ్చేది.

మా వైపు వీధుల్లో మోటారు సైకిలు ఉన్న ఒకే ఒక్క గొప్పవాడు నూనె షావుకారు. నాలుగు తరాల దుకాణం, వెనక రెండు గానుగలు. బండి ఆయనది, నడపడం నాది. ఆయన వెనక కూర్చుని గొడుగు పట్టుకునేవాడు. బజారు మొదట్లో ఇంజను ఆపించి, నన్ను దింపేసి తాను ముందు సీటులోకి జరిగేవాడు. ఇద్దరు గానుగవాళ్ల చేత తోయించుకుంటూ, కొలువు తీరిన రాజులా దుకాణం ముందు దిగేవాడు. తరవాత వచ్చినవాళ్లందరికీ తాను ఎంత వేగంగా వచ్చాడో చెప్పేవాడు. బండి వెనక చెమటలు కక్కుతున్న ఇద్దరు మనుషులు ఎవరికీ కనపడనట్టే ఉండేది.

ఇంజనుకు వేసే నూనె వేరే షాపులో టిన్నుల్లో దొరికేది. నూనె షావుకారు ఇంకొకడి దగ్గర నూనె కొనడమా! తన కొట్లో ఆముదమే పోయించేవాడు.

"ఇంజనుకేటి తెలుస్తదిరా ఏ నూనో? మా ఆముదం దేవుడి దీపానికి పనికొస్తది, నీ ఇంజనుకి పనికిరాదేటి?"

"దీపం పరిగెత్తదు కదండి షావుకారు బాబూ."

"నోర్ముయ్యి. పొయ్యి."

పోసేవాణ్ణి. బండి వెళ్లిన వీధంతా తలంటు వాసన వచ్చేది.

ఆ రోజుల్లోనే నాకో బండి దొరికింది. ఉప్పు కొఠార్ల దొర ఊరు విడిచి వెళుతూ, పక్కన సైడుకారు ఉన్న చచ్చిన బండి ఒకటి నాకు వదిలేసి పోయాడు. ఏడాది పాటు దానికి ప్రాణం పోశాను. సైడుకారులో మెత్త తీసేసి, రేకు కొట్టిన చెక్క పెట్టె బిగించాను. సముద్రం పక్కనున్న చమఖండి పల్లెలో చేపలు తెల్లవారకముందే ఒడ్డుకు వస్తాయి. ఆడవాళ్లు గంపలు నెత్తిన పెట్టుకుని బరంపురం చేరేసరికి ఎండెక్కి సగం మెత్తబడిపోతాయి. నా బండి అయితే గంటలో చేరుస్తుంది. చమఖండి జాలర్ల పెద్ద ఒక్కటే మాట అన్నాడు. "కొత్త నంబరు తెచ్చుకో, మా పడవల సేపలన్నీ నీవే. ఈ నెల్లో తేలేకపోతే బస్సాయనకి మాటిచ్చేస్తాం."

కొత్త నంబరు లేకుండా పాత మద్రాసు నంబరుతో రోడ్డెక్కకూడదని ఉత్తర్వు వచ్చింది. ఫలానా రోజున బండి సొంతదారులందరూ ఛత్రపురం మైదానానికి రావాలి. ఇనస్పెక్టరు కళ్ల ముందు ఎవరి బండి మీద వాళ్లు ఒక చుట్టు తిరగాలి. తిరిగితే నంబరు, కాగితం. మళ్లీ అలాంటి రోజు వానలు వెళ్లాకే. ఆ నంబరు రాకపోతే జన్మంతా ఇంకొకడి షాపులో ఇంకొకడి బండికి బోల్టులు బిగించుకోవడమే నా పని.

షావుకారుకు గొడుగు పట్టుకోవడం తప్ప ఇంకేమీ రాదు. ఆ సంగతి నాకూ గానుగవాళ్లకూ తప్ప ఎవరికీ తెలియదు. అందుకని ఆ రోజు కోసం నేను పెళ్లి భోజనానికి ఎదురుచూసినట్టు చూశాను.

నేను నా బండి నడుపుకుంటూ వచ్చాను. తన బండి దారిలో అలిసిపోతుందని షావుకారు దాన్ని ఎద్దుబండి మీద ఎక్కించి తెచ్చాడు. తాను ఎద్దుబండి మీదున్న మోటారు సైకిలు మీద, గొడుగు వేసుకుని కూర్చుని వచ్చాడు. ఇంత గొప్ప సవారీ ఛత్రపురం అంతకుముందు చూడలేదు, తరవాతా చూసి ఉండదు. మైదానంలో దింపి కిక్కు కొడితే కాలు దిగదు. లోపల ఆముదం బెల్లం పాకంలా గట్టిపడిపోయింది. నేను కొట్టాను, గానుగవాళ్లు కొట్టారు, ఎద్దుబండి తోలేవాడూ కొట్టాడు. ఎద్దుల్ని మాత్రం అడగలేదు.

షావుకారు మొహం చూస్తే జాలిపడాల్సిందే. నాకు జాలికి బదులు ఎకసెక్కెం వచ్చింది.

"నా బండెక్కి తిరిగేయండి బాబూ. మూడు చక్రాలు. పడమన్నా పడదు."

"నిజఁవేనా?"

"నా మాట అబద్దఁవైతే నన్ను గానుక్కి కట్టేయండి."

ఎక్కాడు. పంచె ఎగ్గట్టాడు. నేనే స్టార్టు చేసి, మొదటి గేరు వేసి వదిలాను. ఆపడం ఎలాగో చెప్పలేదు. మరిచిపోయి కాదు.

మొదటి చుట్టు తిరుగుతూ ఆయన కులదేవతలందరినీ పిలిచాడు. రెండో చుట్టులో పిలవడం మానేశాడు. మూడో చుట్టులో ఇనస్పెక్టరు తన కుర్చీ తీసుకుని తానే పక్కకు జరిగాడు. నేను ఎద్దుబండి చక్రం వెనక కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాను. పెట్రోలు గొట్టం మూసి బండి ఎవరు ఆపారో కూడా చూడలేదు. లేచేసరికి ఇనస్పెక్టరు రాయడం పూర్తిచేసి నన్ను పిలిచాడు.

"ఎఠి దస్తఖత కర." ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. పెట్టాను, శుభ్రంగా తెలుగులో.

"ఏ గాడిర కామ సరిలా. జా." ఈ బండి పని అయిపోయింది, పొమ్మన్నాడు. షావుకారు ఇంకా తేరుకోలేదు కాబట్టి కాగితం, నంబరు నా చేతికే ఇచ్చాడు. నేను కనీసం ఒక చుట్టు కూడా తిరగకుండానే నా బండికి నంబరు వచ్చేసింది! నా అంత తెలివైనవాడు ఆ కొత్త రాష్ట్రంలో ఉన్నాడా అనుకుంటూ బరంపురం వచ్చాను.

బస్టాండు దగ్గర టీ కొట్టు ఒడియా ఆయన నాకు స్నేహితుడు. గొప్పగా కాగితం ఆయన చేతికిచ్చాను. చదివి నా మొహంలోకి చూశాడు.

"అరె భాయ్, బండి నీది కాదు గదా. నూనె షావుకారుది అని రాసుంది."

"సరిగ్గా సూడు."

"చూశాను. నీ సంతకం కూడా ఉంది. సాక్షి అని."

ఏడాది పాటు నా చేతులతో బతికించిన బండి ఇంకొకడిదని నేనే సంతకం పెట్టి చెప్పాను. షావుకారు ఇంటికి ఎలా వెళ్లానో తెలియదు.

"బాబూ, కాయితంలో తప్పు పడిపోనాది."

"తప్పేటి? ఎవల బండని అడిగితే నాదన్నాను. నాది కాదంటే నంబరిస్తాడేటి?"

"ఇచ్చేసేడు కదా. ఇంక నా బండి నాకు ఒగ్గేయండి."

ఆయన కాసేపు అరచేతులు చూసుకున్నాడు. హ్యాండిలు బిగించి పట్టుకున్న చోట ఎర్రగా కందిపోయి ఉంది.

"ఒరే, నాను నడిపేనురా. పడనేదు. సూసేవు కదా?"

"సూసేనండి" అన్నాను.

"రేపు మద్దినేళ మనుసుల్ని పంపుతాను. ఆ పెట్టె పీకించి మెత్త ఏయిస్తాను. నా పాత బండి నువ్వు తీసుకో."

ఆయన పాత బండంటే ఆముదం గడ్డ. దానికి నంబరు కూడా లేదు.

మర్నాడు చీకటితోనే చమఖండి వెళ్లాను. నంబరు చూపించాను. పెట్టె నిండా చందువలు, పైన రెండు గంపల సొరచేప నింపారు. నూనె వీధిలో షావుకారు హారతి వెలిగించి దుకాణం తెరిచే వేళకు, బండి ముందు చక్రం ఆయన మెట్టుకు ఆనించి ఆపాను. వ్రతాలకు దీపం నూనె కోసం వచ్చిన ఆడవాళ్లు డబ్బాలతో నిలబడి ఉన్నారు.

"షావుకారు బాబూ! తమరి బండి తెచ్చేనండి! తమరి సేపలు ఏ గదిలో దింపమంటారు?"

"నా సేపలేటిరా నీ మొహం!"

"బండి తమదని సర్కారు కాయితం ఉంది. ఇదిగోనండి, సదివించుకోండి. బండి తమదయితే లోనున్నవి నావెలా అవుతాయి?"

సొర వాసన అప్పటికే లోపలికి వెళ్లి గల్లాపెట్టె పక్కన కూర్చుంది. ఒక ముసలావిడ తన డబ్బా చంకలో పెట్టుకుని, "ఈ యాపారం ఎప్పట్నించి బాబూ?" అని అడిగింది. జవాబు కోసం ఆగకుండా ఎదురు దుకాణానికి వెళ్లిపోయింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు నడిచారు.

షావుకారు వీధిలోకి వచ్చి, అందరికీ వినపడేలా అరిచాడు. "అది నా బండి కాదు! నాను దాన్నెప్పుడూ ఎక్కనేదు! ఎక్కనేదు, నడపనేదు!"

జన్మలో నిజంగా నడిపిన ఒకే ఒక్క బండిని నడపలేదని నడివీధిలో ఆయన చేతే చెప్పించాను. వీధంతా నవ్వింది. నేనే అందరికంటే గట్టిగా నవ్వాను, ఆ నవ్వు అంత బాగాలేకపోయినా.

"ఆ మాటే రాసిచ్చేయండి బాబూ, ఎల్లిపోతాను."

రాసిచ్చాడు. సంతకం చేస్తున్నప్పుడు నా వైపు చూడలేదు. సైడుకారు వైపు ఒకసారి చూశాడు.

ఆ రోజు చేపలు బజారులో అమ్మేశాను. తరవాతి రోజు చమఖండి నుంచి నిండు పెట్టెతో వస్తూ ఛత్రపురంలో ఇనస్పెక్టరు దగ్గర ఆగాను. ఆయన షావుకారు ఉత్తరాన్ని గుమాస్తా చేత చదివించుకుని, తల పట్టుకుని, ఒక చుట్టు తిరగమన్నాడు. గంపలతోనే తిరిగాను. కొత్త కాగితం రాసి కలం నా చేతికిచ్చాడు.

"ముందు చదివి వినిపించండి అయ్యా" అన్నాను ఒడియాలో.

చదివాడు. నా పేరు, మా నాన్న పేరు, మా వీధి.

"ఇంకొకసారి."

మళ్లీ చదివాడు. మూడోసారి అడగబోతుంటే కాగితం బల్ల మీద పెట్టి, కిటికీలోంచి నా బండి వైపు చెయ్యి చూపించాడు.

"మాఛ పచి జిబ. జా." చేపలు కుళ్లిపోతాయి, పో.

సంతకం పెట్టి పరిగెత్తాను.