గంగులు చెప్పిన పదిహేను మైళ్ళు

కళింగపట్నంలో గంగులు వెళ్ళినంత దూరం వేటకు ఎవరూ వెళ్ళలేదు, ఒడ్డున కూర్చున్నప్పుడు. పడవ ఇసకలో ఉండగానే అతను అండమాన్ దాకా వెళ్ళి వచ్చేవాడు. అక్కడొక కోనాం చేప తన పేరూ ఊరూ అడిగి మరీ వలలో పడిందనేవాడు. నమ్మినవాళ్ళు లేరు, మధ్యలో లేచి వెళ్ళినవాళ్ళూ లేరు.

పోయిన మాఘంలో మాత్రం జరిగిందంతా నిజం. అతనూ, బావమరిది కూర్మయ్యా పట్టపగలు వల వేసుకుని ఉండగా ఒక పెద్ద మరబోటు దాని మీదుగా సాగిపోయింది. రెండిళ్ళకూ అన్నం పెట్టే వల పీలికలైపోయింది. అది ఒడ్డుకు మూడు మైళ్ళే. లైట్‌హౌస్ తలా మొదలూ కనిపించే చోటు. ఎనిమిది కిలోమీటర్ల లోపలికి, అంటే అయిదు మైళ్ళ లోపలికి, పెద్ద బోట్లు వేటకు రాకూడదన్న రూలు చిన్న పడవలవాళ్ళందరికీ తెలుసు.

కూర్మయ్య తిరగ్గా తిరగ్గా శ్రీకాకుళం నుంచి చేపల ఆఫీసరు వచ్చాడు. వలలు బాగుచేసే పాకలో కాగితం తీశాడు. వీధంతా మూగింది.

“ఎంత దూరంలో జరిగింది?”

మూడు అనబోయి గంగులు చుట్టూ చూశాడు. మూడు మైళ్ళంటే నిన్నగాక మొన్న తెడ్డు పట్టినవాడు కూడా వెళ్తాడు.

“పదిహేను మైళ్ళు బాబూ! లైటవుసు అగ్గిపుల్లంత అవుపించింది. ఇంకొంచెం ముందుకెల్తే బర్మాలో టీ తాగీసి వచ్చీవోణ్ణి.”

జనం గొల్లుమన్నారు. కూర్మయ్య మోచేత్తో పొడిచాడు. “ఏటి బావా అది?”

“నువ్వూరుకోరా. ఎంత దూరమంటే అంత పెద్ద కేసు.”

సంతకం పెట్టేశాడు.

ఆరు వారాలకు జవాబు వచ్చింది. పన్నెండు నాటికల్ మైళ్ళ దాకే సముద్రం రాష్ట్రానిది, ఆ పైన కేంద్రానిది కాబట్టి కాగితం అక్కడికి పంపారట. బోట్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది రాష్ట్రమే, అక్కడే అడగమని కేంద్రం వాళ్ళు తిప్పి పంపారట.

ఆ రోజు పెళ్ళాం అమ్మడు అన్నం కంచం ముందు పెట్టి అంది: “అండమాన్ ఎల్లొచ్చినోడివి, సిక్కోలు ఎల్లి నిజం సెప్పీసి రాలేవా?”

శ్రీకాకుళం వెళ్ళాడు. “మూడు మైళ్ళే బాబూ. నలుగురిలో గొప్పకి అలాగ అనీసినాను.”

ఆఫీసరు పాత కాగితం తీసి చూపించాడు. “మూడని అప్పుడే చెప్పుంటే ఆ బోటు సంగతి నేనే చూసేవాణ్ణి, గంగులూ. ఇప్పుడు నీ సంతకంతో పదిహేనని రెండు ఆఫీసుల్లో ఉంది. మాట మారిస్తే ఎవరు నమ్ముతారు?”

మర్నాడు పొద్దున్న గంగులు చేతిలో వల లేక ఒడ్డున కూర్చున్నాడు. అదే మరబోటు ఊరికి ఎదురుగా, ఎండలో, తాపీగా వల లాగుతోంది.

“బావా, అదెంత దూరంలో ఉన్నాది?” అన్నాడు కూర్మయ్య.

పక్కనున్నవాళ్ళు కథ కోసం ఇటు తిరిగారు.

“మూడు మైళ్ళు” అన్నాడు గంగులు.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ రాసుకోనూ లేదు.