జాలీ వీడియో

ఫోన్లో వచ్చే ప్రతి వీడియోనూ నమ్మకూడదని మా పిన్నికి నేర్పడం నా ఖర్మ. ఆవిడ శ్రీకాకుళం వైపు నుంచి మా దీవికి కోడలిగా వచ్చి షాదీపూర్‌లో చేపలమ్ముతుంది. నేనేమో లైబ్రరీలో పనిచేస్తాను. అయినా ఉప్పునీళ్లతో షుగర్ తగ్గుతుందనీ, అనాథ పిల్లాణ్ణి కోతి పెంచుతోందనీ రోజూ పొద్దున్నే నాకే పంపేది.

ఓపిక నశించి, అబద్ధపు వీడియోల్ని పట్టుకోవడం నేర్పే హిందీ వీడియో ఒకటి వెతికి ఆవిడ ముందు పెట్టాను. అందులో ఒకమ్మాయి వేలు ఆడిస్తూ, "జాలీ వీడియో ఆగే మత్ భేజో" అని మూడుసార్లు చెప్పింది.

"అర్థమైందా పిన్నీ?"

"అయింది. జాలేసే వీడియోలు ఎవులికీ పంపకూడదు. అంతేకదేటి."

హిందీలో జాలీ అంటే నకిలీ అనీ, మన జాలి కాదనీ అరగంట మొత్తుకున్నాను. ఆవిడకు ఆ అమ్మాయి మాటే వేదం. ఆ రోజుతో ఏడుపు వీడియోలు ఆగిపోయాయి.

మొన్న మా దీవిలోనే ఉన్న వండూర్ బీచ్‌లో తప్పిపోయిన కుక్కపిల్ల అంటూ ఒక వీడియో వచ్చింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ బంధువుల గ్రూపులో పెట్టాను. నిమిషంలో పిన్ని వాయిస్ మెసేజ్.

"ఏటమ్మా, జాలి వీడియో పంపినావు? సదువుకున్నదానివి."

ఒళ్లు మండింది. జాలి వేరు, నకిలీ వేరని ఆవిడకు చూపిద్దామని వీడియో మళ్లీ పెట్టుకుని చూశాను.

కుక్కపిల్ల వెనకాల మంచుకొండలున్నాయి.