చెరువు మట్టి పోసిన కోర్టు

కబడ్డీలో పేరొచ్చేది కూతకెళ్లేవాడికి, చర్మం ఊడేది కార్నర్‌లో నిలబడ్డవాడికి. బందరు నుంచి పత్రికకు ఆటల వార్తలు పంపిన ఏళ్లలో ఈ సంగతి చాలామంది ఒంటి మీద చూశాను. అందరికంటే ఎక్కువగా చూసింది కోడూరు అవతల ఒక ఊరి కుర్రాడి ఒంటి మీద. లెఫ్ట్ కార్నర్ అతనిది. కూతకొచ్చినవాడి చీలమండ మీదికి పక్కవాటుగా దూకి, వాడు గీత తాకే లోపు పట్టి ఉంచాలి. మోకాళ్లు తగిలి తగిలి అతని ఎడమ చెవి ముద్దలా అయిపోయింది.

హైస్కూల్ గ్రౌండులో మొదలై జిల్లాకు, రాష్ట్రానికి ఆడి, చివరికి టీవీలో వచ్చే లీగులో చేరాడు. రెండు సీజన్లు బాగా ఆడాడు. మూడోదాంట్లో భుజం జారింది. నాలుగోదంతా బెంచీ మీద కూర్చున్నాడు, ఆ తర్వాత వదిలేశారు. ముప్పై దాటిన కార్నర్‌ను మళ్లీ ఎవరూ పిలవరనుకుంటుండగా వేరే జట్టు పిలిచింది. విజయవాడలో ట్రయల్స్, ఒక్క రోజే. అది తప్పితే ఇక ఇంటికే.

సరిగ్గా దానికి వారం ముందు వాళ్ల ఊళ్లో పోటీలు పెట్టారు. చిన్నప్పుడు అతన్ని మొదటిసారి జట్టులోకి తీసుకున్న పెద్దమనిషే ఇప్పుడు కమిటీ ప్రెసిడెంటు. ఊళ్లో సగంమంది లాగే ఇతనూ ఆయన్ని మావయ్యా అనే పిలుస్తాడు. ఆ మావయ్య పిలిస్తే రానని అనలేకపోయాడు.

నేను బస్సు దిగి కోర్టు దగ్గరికి వెళ్లేసరికి వాసన ముక్కుకు కొట్టింది. కుళ్లిన మేత, చచ్చిన రొయ్య, పైన ఏదో మందు ఘాటు. కోర్టంతా నల్లగా, జిగటగా ఉంది. ఎక్కడ చూసినా రొయ్య పెంకులు, వాటి మీద ఈగలు. రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి, అడుగున పేరుకున్న మట్టి గీకి పారేస్తారు. ప్రెసిడెంటుగారి చెరువులో గీకిన ఆ మట్టినే ట్రాక్టర్లతో తెచ్చి ఇక్కడ పోశారు.

"మెత్తగా ఉంటదని పోయించానండీ. పడ్డా దెబ్బ తగలదు. ఈ మాట కూడా రాయండి," అన్నాడాయన నాతో.

మా వాడు వంగి గుప్పెడు మట్టి తీసి వాసన చూశాడు.

"ఏంటి మావయ్యా ఇది? గట్టు మీద పారబోసేది కదా."

"గట్టు మీద పారబోస్తే నాకేంట్రా లాభం? పరుపులాగుంది, ఆడు."

"నాకు వచ్చే వారం ట్రయల్స్ ఉన్నాయి. గీరుకుంటే చీము పడుద్ది."

"టీవీలో కనపడ్డాక అబ్బాయిగారికి మన మట్టి పడట్లేదంటరా," అన్నాడు మావయ్య చుట్టూ ఉన్నవాళ్లతో. అందరూ నవ్వారు. "పోనీ మీ అమ్మనడిగి నులకమంచం తెప్పించమంటావా, దాని మీద ఆడుదువుగాని?"

అతను మోకాలి పట్టీలు పైకి లాక్కుని లోపలికి వెళ్లాడు.

ఫైనల్ గుడివాడ జట్టుతో. వాళ్ల కూతగాడు చేప లాంటివాడు, చేతికి దొరకడు. మా వాడు ఎన్నిసార్లు దూకాడో. ఆఖరి కూతలో చీలమండ దొరకబుచ్చుకుని, ఆ మనిషి ఈడుస్తుంటే పెంకుల మీద ఒరుసుకుంటూ గీత దాకా వెళ్లి, గీతకు ఇవతలే ఆపాడు. ఊరు గెలిచింది. లేచేసరికి ఎడమ తొడ నుంచి పిక్క దాకా తోలు లేదు, ఆ చోటంతా నల్లమట్టి అతుక్కుని ఉంది. ప్రెసిడెంటుగారు ఆ కాలి పక్కనే నిలబడి, మైకులో గ్రామీణ క్రీడల గురించి చాలాసేపు మాట్లాడారు. ఒక్కరూ బకెట్టు నీళ్లు తేలేదు. నేనే టీకొట్టు నుంచి ఒక బిందె తెచ్చాను.

తర్వాత అతన్ని గుడివాడలో వాళ్ల అక్కగారింట్లో చూశాను. ట్రయల్స్ అయిపోయాయి. కాలు అరటి బోదెలా వాచి ఉంది. కట్టు మారుస్తుంటే ఆ గదిలో కూడా నాకు కోర్టు వాసనే వచ్చింది.

"అక్కడ ఒక్క పట్టూ పట్టనేలేదండీ," అన్నాడు. "వార్మప్ అప్పుడే వాళ్ల డాక్టరు కట్టు విప్పి చూశాడు. ఈ మ్యాట్ మీద ఇంకా చాలామంది దొర్లాలి బాబూ, నిన్ను ఎక్కించలేనన్నాడు. ఆయన తప్పేం లేదు లెండి."

"మావయ్య వచ్చాడా చూడ్డానికి?"

"ఫోన్ చేశాడు. లీగులో తిన్న తిండికి ఒళ్లు సుకుమారం అయిపోయిందంట నాకు."

వాళ్లక్క కట్టు గుడ్డను రెండు వేళ్లతో పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లింది.

మరుసటి ఏడు అదే కమిటీ అతన్ని రిఫరీగా పిలిచింది. మట్టి మార్చామని చెబితేనే వచ్చానన్నాడు. నేనూ అతని బండెక్కి వెళ్లాను. ఆ ఏడు మట్టి మీద ఒక పొర ఇసుక చల్లారు, అంతే. అతను బూటు మడమతో ఇసుకను పక్కకు నెట్టాడు. కింద నలుపు కనపడింది. మెడలో విజిల్ తీసి కమిటీ బల్ల మీద పెట్టి, "దీని మీద నేను ఆట నడపను మావయ్యా," అని గేటు వైపు నడిచాడు.

"నీకు పడకపోతే ఊరంతటికీ పడదేంట్రా?" అన్నాడు వెనక నుంచి మావయ్య. ఆ విజిల్నే తీసి, పంచెకు తుడిచి, పక్కనున్నవాడికి అందించాడు. మేము బండి తీసేలోపే కూత మొదలైంది.