కాబోయే బావ మడమ

ఆ రోజుల్లో నాకు మనుషుల మొహాలకంటే మడమలే ముందు కనబడేవి. విజయనగరంలో ఒక పాత బియ్యం గోదాములో మ్యాట్లు పరిచి మా మేస్టారు గ్రాప్లింగ్ అనే నేల కుస్తీ నేర్పేవారు (మా అమ్మ దాన్ని ‘దొర్లుడు’ అనేది). అందులో నాకు కాళ్ళ పట్లంటే పిచ్చి. ప్రత్యర్థి మడమని చంకలో బిగించి మెలితిప్పే పట్టయితే మరీను. మేస్టారికేమో ఆ పట్టంటేనే భయం. పట్టినవాడు బిగించి ఆగాలి తప్ప తిప్పెయ్యకూడదనీ, దొరికినవాడు నొప్పి కోసం చూడకుండా వెంటనే చేత్తో తట్టి లొంగిపోవాలనీ రోజూ చెప్పేవారు.

అక్క పెళ్ళి వారంలోకి వచ్చింది. కాబోయే బావ బట్టలు కొనడానికి బొబ్బిలి నుంచి వచ్చి, నా దొర్లుడేమిటో చూస్తానని గోదాముకి తయారయ్యాడు. ధాన్యం బస్తాలు మోసిన ఒళ్ళు, నాకు రెండింతలుంటాడు. సరదాగా నాతో పట్టు పడతానన్నాడు. నేను కిందనుంచి జారి అతని మడమని చంకలో ఇరికించేశాను. తట్టమన్నాను. నవ్వాడు.

“ఏటి తట్టీది? నొప్పే నేదు కదరా.”

కుర్రాళ్ళందరూ చూస్తున్నారు. ఇంకాస్త తిప్పితే నేను గెలుస్తాను, కానీ బావ పీటల మీద కూర్చోలేడు, అక్క నన్ను బతకనివ్వదు. వదిలేశాను. బావ లేచి మీసం దువ్వుకుని, బావమరిదికి ఇంకా బలం చాలదని అందరికీ చెప్పాడు. (నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.)

మేస్టారు అక్కడికక్కడే అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నారు: “బాబూ, ఈ పట్టులో నొప్పి తెలిసీసరికే మోకాలు ఎల్లిపోతాది. ఆడు ఒగ్గీసినాడు గనక నువ్వు నడిసెల్తన్నావు.”

బావ బస్టాండులో టీ తాగుతూ నిజమేనా అని నన్నడిగాడు. నిజమేనన్నాను. టీ చల్లారిపోయేదాకా మోకాలు నిమురుకుంటూనే ఉన్నాడు.

పెళ్ళిలో కాళ్ళు కడిగే వేళ అమ్మ నీళ్ళు పోస్తోంది. నాన్న వంగి మడమ పట్టుకున్నారో లేదో, బావ టపటపా పీట మీద తట్టేశాడు. పంతులుగారు మంత్రం ఆపేశారు. నాన్న కంగారుపడి నీళ్ళు వేడిగా ఉన్నాయా అనడిగారు. నేను వంటశాల వెనక్కి పోయి, కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వుకున్నాను.

ఇప్పుడు నడుం నొప్పి నన్ను మ్యాట్లకి దూరం చేసింది. బావ మాత్రం మా ఇంటికొస్తే అదే మోకాలితో మూడో అంతస్తుకి చకచకా ఎక్కేసి, పైనుంచి నన్ను పిలుస్తాడు. వస్తున్నానంటూ నేను మెట్ల మధ్యలో నిలబడి, కాసేపు ఆయాసం తీర్చుకుంటాను.